ఏడుపు మానిన పాప: పిల్లల వార్డులో సిస్టర్ నాయకత్వం

జాలి, దయ, కనికరం, కరుణ. ఈ మాటల్ని మనం ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తుంటాం. కానీ వాడుకను కాస్త గమనిస్తే తేడా కనిపిస్తుంది. జాలి 'పడతాం', దయ 'చూపిస్తాం'. జాలిపడి ఊరికే కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. దయ చూపించాలంటే మాత్రం లేచి ఏదో ఒకటి చెయ్యాలి.

ఈ తేడా బాగా తెలిసే చోటు పిల్లల ఆసుపత్రి. ఏడుస్తున్న బిడ్డను చూసి జాలిపడే నర్సులు ఏ వార్డులోనైనా ఉంటారు. ఆ జాలి బిడ్డదాకా చేరాలంటే వార్డులోని పద్ధతులు అందుకు వీలివ్వాలి. ఎవరు ఏ బిడ్డను చూసుకోవాలి, అమ్మను ఎంతసేపు ఉండనివ్వాలి, అన్నం ఎవరు తినిపించాలి లాంటివి చాలావరకు వార్డు ఇంచార్జ్ సిస్టర్ చూసుకునే విషయాలు. కాబట్టి కరుణ అనేది ఒక నర్సు మంచి మనసు మాత్రమే కాదనీ, వార్డును నడిపే తీరులో ఉండాల్సిన గుణమనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చరకుడు చెప్పిన నాలుగు గుణాలు

చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పారు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. వీటిలో పరిచారకుడికి ఉండాల్సిన గుణాలు మళ్ళీ నాలుగు. ఉపచారం చెయ్యడం తెలిసి ఉండటం, దక్షత, అనురాగం, శుచి. ఇక్కడ అనురాగాన్ని పనితనంతో, శుభ్రతతో సమానంగా లెక్కపెట్టారు. ఉంటే మంచిదే అని చివర్లో కలిపిన గుణం కాదు అది.

అయితే ఇందులో మన ఊహకు వచ్చేది ఒక రోగి, అతని పక్కన ఒక మనిషి. నేటి వార్డులో ఇరవై ముప్పై మంచాలుంటాయి, మూడు షిఫ్టులుంటాయి. ఒక్క నర్సు అనురాగం అన్ని మంచాలకూ ఎలా సరిపోతుంది? నాయకత్వం అవసరం అక్కడే మొదలవుతుంది.

ఇంగ్లండులో మూసిన తలుపులు

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఇంగ్లండులోని ఎక్కువ ఆసుపత్రులు పిల్లల వార్డులోకి తల్లిదండ్రుల్ని దాదాపు రానివ్వలేదు. 1949 నాటికి కూడా లండన్‌లోని కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఆదివారం ఒకటి రెండు గంటలు మాత్రమే చూడనిచ్చేవారు. ఒక చోటైతే మొదటి నెలంతా బిడ్డ నిద్రపోతున్నప్పుడు చూసి వెళ్ళిపోవాల్సిందే.

ఇదంతా కఠినత్వంతో పెట్టిన నియమం అనుకోకూడదు. యాంటీబయాటిక్ మందులు రాకముందు డిఫ్తీరియా, తట్టు లాంటివి బయటినుంచి వార్డులోకి వస్తే ఎంతమంది పిల్లలు పోతారో తెలియదు. ఆ భయం నిజమైనదే. ఇంకో కారణం కూడా చెప్పేవారు. అమ్మ వచ్చి వెళ్తే బిడ్డ ఎక్కువగా ఏడుస్తుంది, రాకపోతే రెండు మూడు రోజుల్లో 'సర్దుకుంటుంది' అని.

ఈ 'సర్దుకోవడం' ఏమిటో జేమ్స్ రాబర్ట్‌సన్ దగ్గరుండి గమనించాడు. లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో జాన్ బౌల్బీతో కలిసి పనిచేసిన వ్యక్తి ఈయన. తల్లికి దూరమైన పసిబిడ్డలో మూడు దశలు చూశానని చెప్పాడు. మొదట గట్టిగా ఏడ్చి పోరాడటం. తర్వాత నిరాశతో ముడుచుకుపోవడం. చివరగా విముఖత. ఈ మూడో దశలో బిడ్డ అన్నం తింటుంది, ఎవరు పలకరించినా నవ్వుతుంది, తీరా అమ్మ వస్తే ముఖం తిప్పుకుంటుంది. వార్డువాళ్ళు 'పాప కుదుటపడింది' అనుకున్నది ఈ దశను చూసే.

1952లో ఆయన ఒక సినిమా చూపించాడు. రెండున్నరేళ్ళు కూడా నిండని లారా అనే పాప చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటుంది. పెద్దగా అల్లరి చెయ్యదు. మధ్యమధ్యలో మాత్రం అమ్మ ఏదని అడుగుతుంది. కావాలని ఏడ్చే ఘట్టాలే ఏరుకున్నాడని ఎవరూ అనకుండా రోజూ ముందే అనుకున్న వేళల్లోనే చిత్రీకరించాడు. అయినా రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో దాన్ని చూసిన డాక్టర్లు, నర్సులు చాలామంది మండిపడ్డారు. మంచివాళ్ళు, కష్టపడి పనిచేసేవాళ్ళు. తమ వార్డులో సంతోషంగా ఉందనుకున్న బిడ్డ నిజానికి దుఃఖంలో ఉందంటే ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే కదా.

ఆమర్షమ్‌లో తెరిచిన తలుపు

లండన్‌కు వాయవ్యంగా ఉన్న ఆమర్షమ్ అనే ఊళ్ళోని ఆసుపత్రిలో పిల్లల డాక్టర్ డెర్మాడ్ మెకార్తీ, వార్డు సిస్టర్ ఐవీ మోరిస్ తల్లుల్ని బిడ్డల దగ్గరే ఉండనిచ్చారు. రాబర్ట్‌సన్ 1958లో తన రెండో సినిమా అక్కడే తీశాడు. ఈసారి పాపతోపాటు అమ్మ కూడా ఆసుపత్రిలో ఉంటుంది. 1962లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ఈ పద్ధతి గురించి వ్యాసం వచ్చింది. రాసిన ముగ్గురిలో సిస్టర్ మోరిస్ ఒకరు.

డాక్టర్ ఒప్పుకున్నంత మాత్రాన ఇది జరగదు. తల్లి వార్డులో ఉంటే నర్సు పనే మారిపోతుంది. స్నానం, పాలు, అన్నం తల్లి చూసుకుంటుంటే, నర్సు ఆమెకు నేర్పాలి, పక్కనుండి గమనించాలి, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. 'బిడ్డ నా చేతిలో ఉంది' అన్న అధికారాన్ని కొంత వదులుకోవాలి. తన కింద పనిచేసేవాళ్ళను ఇందుకు సిద్ధం చెయ్యగలిగేది ఇంచార్జ్ సిస్టరే.

1959లో ప్లాట్ కమిటీ నివేదిక తల్లిదండ్రుల్ని వేళ నిబంధన లేకుండా రానివ్వాలని, ఐదేళ్ళలోపు పిల్లల దగ్గర తల్లి ఉండేందుకు వీలు కల్పించాలని సూచించింది. అన్ని ఆసుపత్రులూ వెంటనే మారలేదు. 1961లో లండన్‌లో కొందరు తల్లులు సంఘంగా ఏర్పడి అడగాల్సి వచ్చింది.

నర్సుల్ని ఎవరు చూసుకుంటారు?

అదే కాలంలో ఇసబెల్ మెన్జీస్ లండన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుల పనితీరును అధ్యయనం చేసింది. అది పిల్లల ఆసుపత్రి కాదు కానీ విషయం పిల్లల వార్డుకూ వర్తిస్తుంది. పనిని ముక్కలు ముక్కలుగా విడగొట్టి ఒకరికి ఇంజెక్షన్లు, ఒకరికి పక్కలు సర్దడం అని పంచేవారు. రోగిని పేరుతో కాక మంచం నంబరుతో, జబ్బుతో పిలిచేవారు. నొప్పిని, చావును రోజూ చూడాల్సిన భయంనుంచి తప్పించుకోవడానికే ఇలాంటి పద్ధతులు పెరిగాయని ఆమె తేల్చింది. విచిత్రం ఏమిటంటే వీటివల్ల భయం తగ్గలేదు. ట్రెయినింగులో చేరినవాళ్ళలో దాదాపు మూడోవంతు మంది మధ్యలోనే మానేశారు.

అంటే బిడ్డ ఏడుపు వినమని నర్సుకు చెప్తే చాలదు. విన్నాక ఆమెకు కలిగే బాధను వినేవాళ్ళు కూడా ఉండాలి. ఒక బిడ్డ చనిపోయిన రాత్రి డ్యూటీలో ఉన్న కొత్త నర్సును పక్కన కూర్చోబెట్టుకుని సిస్టర్ పది నిమిషాలు మాట్లాడటం కూడా వార్డు పనే. ఆ పది నిమిషాలకు డ్యూటీ చార్టులో చోటుండాలి.

మన దగ్గర

మన ఆసుపత్రుల్లో పిల్లల వార్డు అంటే మంచం పక్కన అమ్మో అమ్మమ్మో ఉండటం మామూలే. కానీ నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల ఐసీయూలో తల్లిని చాలాకాలంగా బయటే ఉంచారు. 2021లో వెలువడిన ఒక అధ్యయనం ఈ పద్ధతిని ప్రశ్నించింది. మన దేశంతోపాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన ఆ అధ్యయనంలో మన దేశంనుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పాల్గొంది. తక్కువ బరువుతో పుట్టిన శిశువుల్ని పుట్టిన వెంటనే, స్థిమితపడేదాకా ఆగకుండా, తల్లి గుండెలకు ఆనించి ఉంచారు. తల్లి మంచం ఐసీయూలోనే వేశారు. మొదటి 28 రోజుల్లో మరణాలు 15.7 శాతంనుంచి 12 శాతానికి తగ్గాయి. తల్లిని లోపలికి రానివ్వడం దయ మాత్రమే కాదు, ప్రాణాలు నిలిపే వైద్యం కూడా.

మనకు సంబంధించిన సంగతి ఇంకొకటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు మనవి. రెండేళ్ళ పాపకు వీధి భాష ఇంకా రాదు. 'బువ్వ' అంటే, 'నొప్పి' అంటే తమిళం మాత్రమే వచ్చిన నర్సుకు అర్థం కాకపోవచ్చు. చేర్చుకునేటప్పుడే ఆకలికి, దాహానికి, నొప్పికి, ఒంటికి వెళ్ళడానికి బిడ్డ ఏ మాట అంటుందో తల్లిని అడిగి, తమిళ లిపిలో ఒక అట్టముక్క మీద రాసి మంచానికి కట్టొచ్చు. ఐదారు మాటలు చాలు. దీనికి డబ్బు అక్కర్లేదు, ఒక సిస్టర్ 'మన వార్డులో ఇలా చేద్దాం' అంటే చాలు. మాటలు రాసివ్వడానికి మన డిపార్ట్‌మెంట్ అమ్మాయిలు ఉండనే ఉన్నాం.

క్లాసులో చర్చకు

1. జాలి, దయ, కరుణ: మీ ఇంటి తెలుగులో వీటిని ఏ సందర్భాల్లో వాడతారు?
2. మంచి ఉద్దేశంతో పెట్టిన నియమం కాలం మారాక బాధపెట్టేదిగా మారిన ఉదాహరణ ఇంకొకటి చెప్పండి.
3. మంచానికి కట్టే అట్టముక్క మీద మీరైతే ఏ ఐదు మాటలు రాస్తారు?