నాలుగు గొంతులు, ఒక్క పాట



భజనలో అందరమూ ఒకే బాణీ పాడుతాము. పాశ్చాత్యుల 'పార్ట్ సాంగ్' పద్ధతి వేరు. అందులో స్త్రీలకు సొప్రానో, ఆల్టో అని, పురుషులకు టెనర్, బేస్ అని విభాగాలుంటాయి. ఒక్కొక్క విభాగానిది ఒక్కొక్క బాణీ. నాలుగూ కలిస్తేనే పాట. ఇటువంటి పాటలు ఎన్నో కూర్చిన ఆంగ్ల సంగీతకర్త ఎడ్వర్డ్ ఎల్గార్.

ఆయన 1857 జూన్ 2న వూస్టర్ పట్టణ సమీపాన బ్రాడ్‌హీత్‌లో జన్మించారు. తండ్రి పియానోలు శ్రుతి చేసేవారు. పట్టణంలోని పునీత జార్జి గారి కతోలిక దేవాలయంలో ఆర్గన్ వాయించేవారు. తల్లి కతోలిక విశ్వాసాన్ని స్వీకరించి, బిడ్డను అందులోనే పెంచారు. సంగీత కళాశాలకు వెళ్లే స్తోమత లేని ఎల్గార్, తండ్రి దుకాణంలోని పుస్తకాలతో చాలావరకు స్వయంగా నేర్చుకున్నారు. 1885లో తండ్రి స్థానంలో అదే దేవాలయంలో ఆర్గనిస్టు అయ్యారు.

1894లో భార్య ఆలిస్ రాసిన 'ద స్నో' అనే గేయాన్ని స్త్రీల గొంతులకు కూర్చారు. 1907 చివర రోములో ఉండగా 'దేర్ ఈజ్ స్వీట్ మ్యూజిక్' కూర్చారు. ఇందులో పురుషులది ఒక శ్రుతి, స్త్రీలది అర స్వరం పైన మరో శ్రుతి. వినడానికి అసాధ్యమనిపిస్తుంది; పాడితే మాధుర్యమే.

అయితే ఆయనకు చేదు అనుభవమూ ఉంది. 2019లో పునీతునిగా ప్రకటింపబడిన కార్డినల్ న్యూమన్ గారి కావ్యానికి ఎల్గార్ సంగీతం కూర్చగా, 1900 అక్టోబరు 3న బర్మింగ్‌హామ్‌లో తొలిసారి ప్రదర్శించారు. బృందాన్ని తీర్చిదిద్దవలసిన శిక్షకుడు అంతకుముందే హఠాత్తుగా మరణించారు. సాధన చాలలేదు, పాట తడబడింది. దేవుడు కళకు వ్యతిరేకి అన్నంత నిరాశతో ఎల్గార్ మిత్రునికి ఉత్తరం రాశారు. మరుసటి సంవత్సరం జర్మనీలో అదే రచన ఘనవిజయం పొందింది. కాని విశ్వాసంలో ఆయనకు మునుపటి ఉత్సాహం తిరిగి రాలేదు. 1934లో మరణించారు.

ప్రియులారా, ఒకరి సాధన లోపం మరొకరి హృదయాన్ని గాయపరుస్తుందని గ్రహించారా? అవయవాలు అనేకమైనా శరీరం ఒక్కటేనని పునీత పౌలు గారు కొరింతీయులకు బోధించారు. ఇంట్లో తండ్రి బాణీ, తల్లి బాణీ, బిడ్డల బాణీ ఒకటి కానక్కరలేదు. ఎవరి వంతు వారు శ్రద్ధగా నేర్చుకోవాలి. పక్కవారి గొంతు వినాలి. ఈ వారం కుటుంబ ప్రార్థన తర్వాత ఒకరినొకరు అడగండి: నా వంతు నేను సాధన చేశానా? నీ గొంతు నేను విన్నానా?