అలిపిరి ద్వారమును ఆస్పెక్ట్ ప్రోగ్రామింగును

అలిపిరియొద్ద తిరుమల కొండ నెక్కు వాహనములను నిలిపి, మనుష్యులను మూటలను పరీక్షించి పైకి పంపుట మన విద్యార్థు లందఱును చూచినదే. ఆ పరీక్ష కొండమీది ప్రతి సత్రముననే జరుపవలసివచ్చినచో, వంటవాడు వంట మాని మూటలు విప్పుచు కూర్చుండవలసివచ్చును.

వెబ్ అప్లికేషనులు వ్రాయువారికి కలుగు చిక్కును ఇట్టిదే. పాఠశాలకొక అప్లికేషను వ్రాయుదు మనుకొనుడు. మార్కులు చూపుట, హాజరు వేయుట, జీతము కట్టించుకొనుట దాని సొంత పనులు. అడిగినవా రెవరో, వారికి హక్కు కలదో లేదో విచారించుటయు, జరిగినదానిని చిట్టాలో వ్రాయుటయు ఏ యొక్క భాగమునకును చెందక, అన్నిటికిని అడ్డముగ పోవుచుండును. మొదటివి పడుగైనచో ఇవి పేక.

మేము కొంతకాలము పనిచేసిన యొక విద్యాశాలలో ఆ విచారణను ప్రతి పుటలోను వేఱువేఱుగ వ్రాసిరి. పదునేడు పుటలలో వ్రాసి పదునెనిమిదవదానిలో మఱచిరి. ఆ దారిని ఒక బాలిక తోటివారి మార్కులే గాక, వారి యిండ్ల ఫోను నంబరులు సహితము చూడగలిగెను. ఆమెయే వచ్చి చెప్పినందున సంగతి తెలిసెను.

1997లో జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధనాలయమందు గ్రెగర్ కిజాలెస్ అను నతడును సహచరులును దీనికొక పద్ధతిని ప్రకటించిరి. అడ్డపు పనిని ఒక్కచోటనే వ్రాసి దానికి ‘ఆస్పెక్ట్’ అని పేరిడుదురు. అందు చేయవలసిన కార్యము ‘అడ్వైస్’. అది యే యే తావుల జరుగవలెనో తెలుపు నియమము ‘పాయింట్‌కట్’. వీనిని అసలు ప్రోగ్రాముతో కలుపుటకు ‘వీవింగ్’, అనగా నేత యనియే పేరు. పేరు పెట్టినవారు మగ్గము నెఱిగినవారే కాబోలు!

అయితే శ్రీవారి మెట్టు దారిని నడచి యెక్కువారు అలిపిరికి రారు; అచ్చటను కావలి యుండవలెను. పాయింట్‌కట్ వ్రాయువాడును దారు లన్నిటిని ఎఱిగి వ్రాయవలెను. పనుల పేర్లనుబట్టి నియమము వ్రాసినచో, ఎవరైనను పేరు మార్చిన దినమున కావలి సద్దులేక తొలగిపోవును. ప్రోగ్రాము మాత్రము ఎప్పటివలెనే నడచుచుండును.

జావా భాషలో వాడుకయందున్న స్ప్రింగ్‌లో మఱియొక లోపము కలదు. అందు సాధారణముగ అసలు వస్తువునకు ముందు ‘ప్రాక్సీ’ యను ప్రతినిధి నిలిచి, బయటినుండి వచ్చు పిలుపులను మాత్రమే పరీక్షించును. వస్తువులోని యొక పని తనలోని మఱియొక పనిని పిలిచినచో ఆ పిలుపు ప్రాక్సీ కంటబడదు. కొండమీద నున్నవాడు సత్రమునుండి సత్రమునకు పోవుటకు అలిపిరికి దిగిరాడు గదా! ఆస్పెక్ట్‌జే వలె పరీక్షను ప్రోగ్రాములోనే నేసినచో ఈ లోపముండదు.

మార్కులు కూడు లెక్కను మాత్రము ఆస్పెక్టులో దాచుట మాకు సమ్మతము గాదు. చదువువానికి కనబడని చోట మార్కులు మారినచో తప్పు వెదకు టెట్లు? కావలికిని చిట్టాకును ఈ పద్ధతి తగును.

పై విద్యాశాలవారు పిదప విచారణ నంతయు ఒక్క ఆస్పెక్టులోనికి తెచ్చిరి. అయినను పదునెనిమిది పుటలను ఒక విద్యార్థి పేరుతో తెఱచి చూచిన తరువాతనే మేము సరే యంటిమి.