కథలేని నృత్యం

నాట్యమనగానే తెలుగువారి మనస్సులో సత్యభామయో, ప్రహ్లాదుడో మెదలుట సహజం. కూచిపూడి భాగవతుల కళ కథను ఆశ్రయించి వర్ధిల్లింది. అయితే భారతీయ నాట్యశాస్త్రకారులు నృత్తమనే మరొక భేదాన్ని కూడా గుర్తించారు. భావాభినయంతో పనిలేక, కేవలం తాళలయలను అనుసరించి సాగే శుద్ధ నర్తనమే నృత్తం. జతిస్వరం, తిల్లానా ఇందుకు ఉదాహరణలు. పాశ్చాత్యుల బ్యాలేలో ఇటువంటి కథారహిత నర్తనాన్ని 'అమూర్త బ్యాలే' అంటారు. ఇరవయ్యో శతాబ్దంలో దానికి ఉన్నత స్థానం కల్పించిన వారిలో అగ్రగణ్యుడు జార్జి బాలంచిన్.

బాలంచిన్ 1904లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించాడు. 1924లో స్వదేశాన్ని వీడి, 1933లో అమెరికా చేరాడు. మరుసటి ఏడు న్యూయార్కులో బ్యాలే పాఠశాలను, 1948లో లింకన్ కిర్‌స్టీన్‌తో కలసి న్యూయార్క్ సిటీ బ్యాలే సంస్థను నెలకొల్పాడు. పందొమ్మిదో శతాబ్దపు బ్యాలేలు రాకుమారుల కథలను, హంసలుగా మారిన కన్యల గాథలను ప్రదర్శించేవి. సంగీతాన్ని కంటికి కనిపింపజేస్తే చాలునని, దానికి కథ అనివార్యం కాదని బాలంచిన్ విశ్వసించాడు.

ఇట్టి బ్యాలే ప్రదర్శన జరిగే సాయంకాలం మూడు నాలుగు చిన్న రచనలు వరుసగా రంగస్థలాన్ని అలంకరిస్తాయి. చైకోవ్‌స్కీ సంగీతానికి 1934లో కూర్చిన 'సెరెనేడ్' వాటిలో ఒకటి. తెర లేవగానే పదిహేడుగురు యువతులు కుడిచేయి పైకెత్తి నిశ్చలంగా నిలిచి ఉంటారు. ఆ సంఖ్య వెనుక గూఢార్థమేదీ లేదు. తొలిరోజు శిక్షణకు వచ్చినవారు పదిహేడుగురు! సాధనలో ఒక యువతి జారిపడటం, మరొకతె ఆలస్యంగా రావడం కూడా నృత్యంలో భాగాలయ్యాయి. బాఖ్ స్వరరచనకు 1941లో రూపొందించిన 'కాన్‌చెర్టో బరోకో'లో రెండు వయొలిన్‌ల సంవాదాన్ని ఇద్దరు ప్రధాన నర్తకీమణులు తమ అంగవిన్యాసంతో అనుసరిస్తారు.

సమకాలీన సంగీతానికి కూర్చిన రచనలలో 'అగోన్' ప్రసిద్ధమైనది. గ్రీకు భాషలో ఈ పదానికి పోటీ అని అర్థం. స్వరకర్త ఇగోర్ స్ట్రావిన్‌స్కీ. పన్నెండుగురు నర్తకులు సాధన చేసేటప్పుడు ధరించే నలుపు తెలుపు దుస్తులతోనే రంగస్థలం మీదికి వస్తారు. అలంకృతమైన రంగసజ్జ లేదు. నలుగురు పురుషులు ప్రేక్షకులకు వీపు చూపి నిలిచి ఉండగా ప్రారంభమైన నృత్యం, తిరిగి అదే భంగిమతో ముగుస్తుంది.

కథ లేనంత మాత్రాన నృత్యానికి చెప్పవలసినది ఏదీ ఉండదా? ఈ ప్రశ్నకు అగోన్ సమాధానమిచ్చింది. 1957 డిసెంబరు 1న న్యూయార్కులో అది ప్రదర్శితమైనప్పుడు, అందలి యుగళ నృత్యాన్ని ఆర్థర్ మిచెల్ అనే నల్లజాతి నర్తకుడు, డయానా ఆడమ్స్ అనే శ్వేతజాతి నర్తకి ప్రదర్శించారు. అప్పటికి కొద్ది నెలల క్రితమే లిటిల్ రాక్ నగరంలో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు పాఠశాలలో అడుగిడుటకు సైన్యం కాపలా కాయవలసి వచ్చింది. అనేక రాష్ట్రాలలో వర్ణాంతర వివాహం నేరంగా ఉండేది. ఆ చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది 1967లోనే. అటువంటి కాలంలో ఆ ఇద్దరూ ఒకరి చేయి నొకరు పట్టి, ఒకరి బరువును మరొకరు మోస్తూ నర్తించారు. వారి మేనిఛాయల భేదం కూడా ఆ నృత్యరచనలో అంతర్భాగమేనని మిచెల్ అనంతర కాలంలో వెల్లడించాడు.

1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురైనాడు. ఆ విషాదంతో చలించిన మిచెల్, మరుసటి ఏడు కారెల్ షూక్‌తో కలసి తన జన్మస్థలమైన హార్లెంలో నృత్యసంస్థను స్థాపించి, నల్లజాతి బాలబాలికలకు బ్యాలే ద్వారాలు తెరిచాడు. 2018లో ఆయన మరణించాడు. అగోన్‌లో ఉపన్యాసం లేదు, నినాదం లేదు, కథ అసలే లేదు. ఇద్దరు మనుషుల మధ్య ఉండవలసిన నమ్మకం మాత్రం ఉంది. దానిని చూడగలిగిన ప్రేక్షకునికి వేరొక కథతో పనిలేదు.

అర్థాలు
అమూర్తం = రూపం లేనిది
యుగళం = జంట
అనివార్యం = తప్పించరానిది

ప్రశ్నలు
1. నృత్తానికి, అమూర్త బ్యాలేకు గల పోలికను వివరించండి.
2. అగోన్ ప్రదర్శనకు సామాజిక ప్రాధాన్యం ఎట్లా కలిగింది?