సొంతంగా కట్టుకున్న లినక్స్ లేవకపోతే...

గెరార్డ్ బీక్‌మన్స్ 1999లో మొదలుపెట్టిన ‘లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కో ప్యాకేజీ కంపైల్ చేసుకుంటూ చివరికి రీబూట్ కొడతాం. తెర మీద ‘కెర్నల్ పానిక్’ అని పడుతుంది. మొదటిసారి అలా ఆగిపోయినప్పుడు నేను పార్టిషన్ మొత్తం చెరిపేసి మళ్లీ మొదటి నుంచి కట్టాను. ఆ అవసరమే లేదు. కష్టపడి కట్టిన జీలిబ్‌సీ, జీసీసీ చక్కగానే ఉన్నాయి, తప్పంతా కెర్నల్ కాన్ఫిగ్‌లో ఒక్క గుర్తు దగ్గరుంది. మీరు చెరిపే ముందు ఇవి చూడండి.

1. ముందు ఫోన్‌తో తెరను ఫొటో తీయండి. అసలు కారణం చివరి వరుసలో ఉండదు, దానికి కాస్త పైన ఉంటుంది. రూట్ దొరకనప్పుడు తనకు కనిపించిన పార్టిషన్ల జాబితాను కెర్నల్ అక్కడే రాసి పెడుతుంది. అందులో మీ డిస్కు లేకపోతే దాని డ్రైవర్ లేదన్నమాట.

2. ‘అన్‌నోన్ బ్లాక్’ పక్కన బ్రాకెట్లో ఉన్న అంకెలు చదవండి. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. (0,0) అని ఉంటే కెర్నల్‌కి డిస్కే దొరకలేదు, లేదా మీరిచ్చిన పేరు దానికి అర్థం కాలేదు. (8,2) అని ఉంటే ఎస్‌డీఏ2 దొరికింది గానీ అందులోని ఫైల్ సిస్టమ్‌ను చదవడం రాలేదు. అప్పుడు మెనూకాన్ఫిగ్‌లో ఈఎక్స్‌టీ4 ఎదురుగా ‘ఎమ్’ ఉందో, నక్షత్రం ఉందో చూడండి. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లేకుండా బూట్ చేసేవాళ్లకు నక్షత్రమే ఉండాలి. మాడ్యూల్ ఫైలు ఉండేది ఆ డిస్కులోనే కదా, తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టవుతుంది. సాటా డిస్కుకు ఏహెచ్‌సీఐతో పాటు స్కజీ డిస్క్ సపోర్ట్ కూడా కావాలి. చాలామంది మరిచిపోయేది ఈ రెండోదే. ఎన్‌వీఎమ్‌ఈకి దాని డ్రైవర్ వేరు. మీ మెషీన్‌కు ఏది కావాలో తేల్చుకోవడానికి ఊహలు వద్దు. పనిచేస్తున్న లినక్స్‌లోకి వెళ్లి ‘ఎల్‌ఎస్‌పీసీఐ -కే’ కొట్టండి, ఏ పరికరానికి ఏ డ్రైవర్ పనిచేస్తోందో పేరుతో సహా చెబుతుంది.

3. గ్రబ్‌లో ‘రూట్=’ తర్వాత యూయూఐడీ పెట్టారా? ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లేకపోతే అది పనిచేయదు. పార్ట్‌యూయూఐడీ పెట్టండి, రెండూ ‘బీఎల్‌కేఐడీ’ చూపిస్తుంది. యూఎస్‌బీ డిస్కు నుంచి బూట్ చేస్తుంటే ‘రూట్‌వెయిట్’ కూడా చేర్చండి. ఆ డిస్కు కనబడేదాకా కెర్నల్ ఆగుతుంది.

4. కెర్నల్ దాకా పోకుండా ‘గ్రబ్>’ దగ్గరే ఆగితే కాన్ఫిగ్ ఫైలు దొరకలేదని అర్థం. గ్రబ్ డిస్కులను సున్నా నుంచి, పార్టిషన్లను ఒకటి నుంచి లెక్కపెడుతుంది. ఒకే డిస్కు ఉంటే ఎస్‌డీఏ2ని (హెచ్‌డీ0,2) అనాలి. అక్కడే ‘ఎల్‌ఎస్’ కొట్టి ఒక్కో పార్టిషన్ వెతికి, ‘లినక్స్’ ఆదేశంతో కెర్నల్ ఎక్కించి, ‘బూట్’ కొట్టండి.

5. తెర నల్లగా ఉండి డిస్కు లైటు మాత్రం వెలుగుతోందా? సిస్టమ్ లేచే ఉండొచ్చు. కెర్నల్‌లో ఫ్రేమ్‌బఫర్ కన్సోల్ పెట్టి చూడండి.

6. కెర్నల్ లేచి, ఫైల్ సిస్టమ్ తనిఖీ దగ్గర ఆగిపోతే ఎఫ్‌స్టాబ్‌లో పేరు తప్పు పడి ఉంటుంది. గ్రబ్ మెనూలో ‘ఈ’ నొక్కి, లినక్స్ వరుస చివర ‘ఇనిట్=/బిన్/బాష్’ చేర్చండి. ప్రాంప్ట్ రాగానే రూట్‌ను రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి, ఫైలు దిద్ది, ‘సింక్’ కొట్టండి. ‘ఎగ్జిట్’ మాత్రం కొట్టకండి. అప్పుడు ఆ బాషే ఒకటో నంబరు ప్రాసెస్, అది పోతే మళ్లీ పానిక్ వస్తుంది.

7. ఇవేవీ కుదరకపోతే లైవ్ యూఎస్‌బీతో లేపి, మీ పార్టిషన్ మౌంట్ చేసి, క్రూట్‌లోకి వెళ్లండి. అంతకు ముందే డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగూ లోపలికి మౌంట్ చేయాలి. లేకపోతే గ్రబ్ ఇన్‌స్టాల్ మొరాయిస్తుంది. కెర్నల్ మళ్లీ కట్టాక పాత ఇమేజ్ మీద కొత్తది రాయకండి. వేరే పేరు పెట్టి, గ్రబ్‌లో రెండు ఎంట్రీలూ ఉంచండి.