లంబసింగి చలికి బండిని సిద్ధం చేయడం

మన రావికమతం మండలంలో చలి అంటే దుప్పటి కప్పుకుంటే తీరిపోయే చలి. ధనుర్మాసంలో కల్యాణపులోవ వైపు కొండల మీద నుంచి గాలి వీచినా, తెల్లవారుజామున నోట్లోంచి కాస్త పొగ వస్తుంది, అంతే. ఇక్కడ పొద్దున్నే బండి స్టార్టు కాకపోతే తప్పు బండిదే గాని చలిది కాదు. కానీ బి.ఎన్. రోడ్డు పట్టుకుని నర్సీపట్నం చేరి, అక్కడి నుంచి డౌనూరు మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కి చూడండి. సుమారు ముప్పై కిలోమీటర్లలోనే వాతావరణం మారిపోతుంది. చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో అక్కడ ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే కిందికి పడిపోతుంది. సున్నా దరిదాపులకు వచ్చిందని పత్రికల్లో చదివిన రోజులూ ఉన్నాయి. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. మనిషే కొర్రయితే ఇనుముతో చేసిన బండి సంగతి ఏమిటన్నది ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాం.

ఈ విషయమే ఎందుకంటే, మన హాస్టల్లో చదివే తమ్ముళ్ళలో చాలామంది ఇళ్ళలో నాన్నో, అన్నో, చిన్నాన్నో స్టీరింగు పట్టుకునేవారే. ఆటోలు, జీపులు, వ్యానులు, అద్దె కార్లు. చలికాలం వచ్చిందంటే విశాఖపట్నం నుంచి, అనకాపల్లి నుంచి జనం మంచు చూడ్డానికి లంబసింగికి, చెరువులవేనానికి బయలుదేరతారు. డ్రైవర్లకు అది సీజను. ఆ సీజనులో పొద్దున్న నాలుగు గంటలకు సెల్ఫు తిరగకపోతే ఆ రోజు కిరాయి పోయినట్టే. వాయిదా మాత్రం నెల తిరిగేసరికి కట్టాల్సిందే. మా ఇంట్లో డిగ్రీ దాటి చదువుతున్నది మేమే మొదలు. అందుకని మా చిన్నాన్న ఇంజనాయిల్ డబ్బా మీది అక్షరాలు చూపించి "చదువుకున్నావు కదా, ఇదేమిటో చెప్పు" అని అడిగేవాడు. ఆయన అడిగినవాటికి వెతుక్కున్న జవాబులే ఇక్కడ చాలావరకు ఉన్నాయి.

ముందు బ్యాటరీ గురించి. చలిలో మొదట చేతులెత్తేసేది అదే. మన బళ్ళలో ఉండేది సీసం పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్న బ్యాటరీ. పలకకూ ఆమ్లానికీ మధ్య జరిగే రసాయన చర్య వల్ల కరెంటు పుడుతుంది. ఉష్ణోగ్రత తగ్గితే ఏ రసాయన చర్య అయినా నెమ్మదిస్తుందని మీరు కెమిస్ట్రీలో చదివే ఉంటారు. అందువల్ల నిన్న మధ్యాహ్నం నర్సీపట్నంలో ఠక్కున సెల్ఫు తిప్పిన బ్యాటరీయే లంబసింగిలో తెల్లవారుజామున నీరసంగా మూలుగుతుంది. సరిగ్గా అదే సమయంలో ఇంజన్లో ఆయిలు చిక్కబడి ఉంటుంది కనుక దాన్ని తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. ఆదాయం తగ్గిన నెలలోనే ఇంట్లో పెళ్ళి ఖర్చు వచ్చిపడినట్టన్నమాట. కొత్త బ్యాటరీ ఈ రెండు దెబ్బలనూ తట్టుకుంటుంది. మూడు నాలుగేళ్ళు వాడిన బ్యాటరీ తట్టుకోలేదు.

అందుకే ఘాట్ ఎక్కే ముందే పరీక్ష చేయించాలి. ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక మీటరు పెడితే 12.6 వోల్టులు చూపించాలి. 12.2 దగ్గర ఉంటే అందులో సగమే ఛార్జి ఉన్నట్టు. 12 దగ్గరికి వచ్చేసిందంటే ఆ బ్యాటరీతో కొండ మీద రాత్రి ఉండకూడదు. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసే రకమైతే నీటి మట్టం చూసుకోవాలి. టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పట్టిన పొక్కును వేడినీళ్ళతో కడిగి, తుడిచి, వైర్లు గట్టిగా బిగించాలి. ఐదు నిమిషాల పని అది. మేము చూసినంతవరకు "బ్యాటరీ పోయింది" అనుకున్న సందర్భాల్లో కొన్నిటికి ఈ పొక్కే కారణం.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. నిండా ఛార్జి ఉన్న బ్యాటరీలోని ఆమ్లం గడ్డకట్టాలంటే మైనస్ 50 డిగ్రీల కంటే ఎక్కువ చలి కావాలి. ఛార్జి అయిపోయిన బ్యాటరీలో ఆమ్లం పలచబడి దాదాపు నీళ్ళలా తయారవుతుంది. అది సున్నాకు కొద్ది డిగ్రీల కింద గడ్డకట్టి డబ్బాను పగలగొట్టగలదు. లంబసింగిలో అంత ప్రమాదం లేదు గాని, సైన్యంలో చేరి కాశ్మీరు, లడఖ్ వైపు వెళ్ళిన మన ప్రాంతపు అన్నలకు ఇది రోజువారీ సంగతి.

స్టార్టు కాని బండికి వేరే బండి బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చేటప్పుడు వైర్లు తగిలించే వరుస తెలిసి ఉండాలి. ఎర్ర వైరు ముందు పడిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండో కొన మంచి బ్యాటరీ ప్లస్‌కు. తరువాత నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కు. ఆఖరి కొనను పడిపోయిన బ్యాటరీ మైనస్‌కు పెట్టకుండా, దానికి దూరంగా ఇంజను ఇనుముకు తగిలించాలి. ఆఖరి కొన తగిలినప్పుడు నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతూ ఉంటుంది. ఆ రెండూ కలిస్తే పేలుడే. బీడీ కాలుస్తూ ఈ పని చేసేవారిని చూస్తే మాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇక చిన్నాన్న అడిగిన డబ్బా. దాని మీద 20డబ్ల్యూ-40 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత చిక్కబడుతుందో చెబుతుంది. వెనకున్న అంకె ఇంజను వేడెక్కి 100 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. ముందు అంకె ఎంత తక్కువైతే చలిలో అంత బాగా పారుతుంది. 20డబ్ల్యూ రకానికి ఇంజను తిరగడం గురించిన చలి పరీక్ష మైనస్ 15 డిగ్రీల దగ్గర చేస్తారు, 5డబ్ల్యూ రకానికి మైనస్ 30 దగ్గర. కాబట్టి లంబసింగి కోసమని ఎక్కువ ధర పెట్టి వేరే ఆయిలు కొనాల్సిన పని లేదు. కంపెనీ పుస్తకంలో రాసిన రకమే చాలు. కాకపోతే అది పాతబడి నల్లగా, జిగురుగా మారకముందే మార్చాలి. స్టార్టయిన వెంటనే యాక్సిలరేటరు తొక్కి ఇంజనును అరిపించకూడదు. ఆయిలు పైదాకా చేరడానికి కాస్త సమయం ఇచ్చి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నిదానంగా నడిపితే చాలు.

రేడియేటర్ గురించి మన దగ్గర రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "కూలెంట్ లేకపోతే కొండ మీద నీళ్ళు గడ్డకట్టి ఇంజను పగిలిపోతుంది" అని ఒకరు, "అదంతా వ్యాపారం, కుళాయి నీళ్ళు చాలు" అని ఇంకొకరు. ఇద్దరి మాటా పూర్తిగా నిజం కాదు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు ఇనుము కూడా పగులుతుంది. అందుకే చలి దేశాల్లో నీళ్ళలో ఇథిలీన్ గ్లైకాల్ కలుపుతారు. సగం నీరు, సగం గ్లైకాల్ అయితే దాదాపు మైనస్ 37 వరకు గడ్డకట్టదు. వింత ఏమిటంటే, నీళ్ళు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలు అనుకోవడం తప్పన్నమాట. లంబసింగిలో చలి ఉండేది తెల్లవారుజామున కొన్ని గంటలే కనుక రేడియేటర్ పగిలేదాకా రాదు. అయినా కూలెంట్ పోయించమనే మేము చెబుతాం. దానికి కారణం తుప్పు. ఘాట్‌లో లో-గేరులో ఎక్కేటప్పుడు ఇంజను మరిగిపోకుండా కాపాడేదీ అదే. ఒక్క జాగ్రత్త: గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పాత కూలెంటును కుక్కలు, మేకలు, చిన్నపిల్లలు ఉండే చోట పారబోయకూడదు.

డీజిల్ బళ్ళవారికి ఇంకో ఇబ్బంది ఉంది. డీజిల్లో మైనం జాతి పదార్థం కరిగి ఉంటుంది. చలి ముదిరితే అది తెల్లని పొరలా విడిపోయి ఫిల్టరులో ఇరుక్కుంటుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం శీతాకాలపు డీజిల్ 6 డిగ్రీల వరకు, మిగతా నెలల డీజిల్ 18 డిగ్రీల వరకు ఫిల్టరు గుండా పారగలిగితే చాలు. ఇది కనీస హద్దు, బంకులో దొరికేది అంతకంటే మెరుగ్గా ఉండొచ్చు. అయినా ఫిల్టరు పాతదైతే, అందులో నీరు చేరి ఉంటే, కొండ మీద మొరాయించడం ఖాయం. అందుకని సీజను మొదట్లోనే ఫిల్టరు మార్చి, అడుగున చేరిన నీరు వదిలెయ్యాలి. హీటర్ ప్లగ్గులున్న ఇంజనైతే తాళం తిప్పాక ఆ దీపం ఆరేదాకా ఆగి, అప్పుడు సెల్ఫు కొట్టాలి. ట్యాంకు కింద మంట పెట్టి వేడి చేసే మొండిధైర్యం మాత్రం వద్దు. లడఖ్‌లో మామూలు డీజిల్ గడ్డకట్టే బాధ తప్పించడానికి ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్‌ను 2019 నవంబరులో విడుదల చేసింది.

ఇప్పుడు టైర్లు. ఇది పదో తరగతి, ఇంటర్ తమ్ముళ్ళకు మంచి లెక్క. నర్సీపట్నంలో 30 డిగ్రీల ఎండలో టైరులో 32 పౌండ్లు గాలి కొట్టించాం. లంబసింగిలో 5 డిగ్రీలు. ఎంత మిగులుతుంది? మీటరు చూపించే 32, బయటి గాలి పీడనం కంటే ఎంత ఎక్కువ ఉందో చెప్పే అంకె. బయటి పీడనం 14.7 కలిపితే అసలు పీడనం 46.7. ఘనపరిమాణం మారకపోతే పీడనం పరమ ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది కనుక 46.7ను 278తో గుణించి 303తో భాగించాలి. సుమారు 42.8 వస్తుంది. ఇందులోంచి మళ్ళీ 14.7 తీసేస్తే 28 అని చాలామంది ఆపేస్తారు. కానీ 1000 మీటర్ల ఎత్తున బయటి పీడనమే సుమారు 13కు తగ్గిపోయింది. అది తీసేస్తే 29.8. అంటే చలి నాలుగు పౌండ్లు లాక్కుంటే, కొండ దాదాపు రెండు పౌండ్లు తిరిగి ఇచ్చింది! రెండు పౌండ్ల తేడాకు భయపడనక్కరలేదు గాని, ముందే గాలి తక్కువ ఉన్న టైరు అయితే మలుపుల్లో బరువు మీద పక్కకు ఒరుగుతుంది. అరిగిపోయిన టైరు మంచుకు తడిసిన రోడ్డు మీద జారుతుంది.

పొగమంచు గురించి అందరికీ తెలిసిందే కనుక ఎక్కువ రాయం. హై బీమ్ వేస్తే వెలుతురు మంచుకు కొట్టుకుని మన కళ్ళలోకే వస్తుంది, డిమ్‌లోనే నడపాలి. అద్దం లోపల ఆవిరి పడితే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పాలి, లేదా కిటికీ కొద్దిగా దించాలి. చల్లని అద్దం మీద మరిగే నీళ్ళు పోస్తే పగులుతుంది. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి.

అసలు భయపడవలసినది చలికి కాదు, చలికి భయపడి చేసే పనికి. చెరువులవేనం వెళ్ళి సూర్యోదయం చూడాలని రాత్రికే చేరినవారు కారులోనే పడుకుంటారు. చలి వేస్తుందని కిటికీలు ఎత్తేసి, ఇంజను ఆన్‌లో పెడతారు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. సైలెన్సరు పైపు ఎక్కడైనా కారుతుంటే, అడుగున రంధ్రముంటే, ఆ వాయువు లోపలికి చేరుతుంది. ముందు తలనొప్పి, వికారం, తరువాత మత్తు. పడుకున్నవారికి ఆ మత్తు నిద్రలాగే ఉంటుంది. బొగ్గుల కుంపటి కారులోకి, మూసిన గదిలోకి తెచ్చుకున్నా ఇదే జరుగుతుంది.

ఇది చదువు లేనివారు చేసే పని అనుకోవద్దు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో తీవ్రమైన చలి వచ్చింది. మన తెలుగువారు వేలాదిగా ఉండే డల్లాస్ ప్రాంతంలో ఫిబ్రవరి 16న మైనస్ 19 డిగ్రీల దాకా పడిపోయింది. ఎండలకు అలవాటుపడిన రాష్ట్రం అది. కరెంటు రోజుల తరబడి పోయింది. వెచ్చదనం కోసం కొందరు మూసిన గ్యారేజీలో కారు స్టార్టు చేసి కూర్చున్నారు, కొందరు ఇంట్లోనే బొగ్గులు రాజేశారు. ఈ వాయువు వల్ల ప్రాణాలు పోయాయి, ఎందరో ఆస్పత్రుల పాలయ్యారు. ఏటా చలి ఉండే మిన్నెసోటాలోనో, కెనడాలోనో అయితే కార్లకు రాత్రిపూట కరెంటు ప్లగ్గు పెట్టి ఇంజనును వెచ్చగా ఉంచే హీటర్లు వాడతారు. అలవాటైన చలికి ఏర్పాట్లుంటాయి, అలవాటు లేని చోట చలి వచ్చినప్పుడే మనుషులు తోచింది చేస్తారు. విశాఖ నుంచి ఒక్క రాత్రికి లంబసింగి వచ్చేవారి పరిస్థితి కూడా ఇదే.

కాబట్టి మీ ఇంట్లో బండి నడిపేవారు కిరాయికి కొండ ఎక్కుతుంటే ఈ ఒక్కటీ చదివి వినిపించండి: ఇంజను ఆపి పడుకోవాలి, రెండు వైపులా కిటికీ వేలెడంత దించాలి, దుప్పట్లు ఇంటి నుంచే పట్టుకెళ్ళాలి. కారులో నిద్రపోయినవారు పిలిస్తే పలకకపోయినా, లేచి తలనొప్పి, వాంతి అన్నా, వెంటనే తలుపులు తెరిచి బయటి గాలిలోకి తీసుకురావాలి, 108కి ఫోను చేయాలి. సిగ్నలు అందకపోతే ఇంకో బండిలో ఎక్కించుకుని దగ్గరలోని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. బండిని రాత్రి నిలిపేటప్పుడే దాని ముక్కు రోడ్డు వైపు ఉండేలా నిలపడం ఇందుకే. తెల్లవారుజామున మంచులో, కంగారులో రివర్సు తిప్పుకునే వ్యవధి ఉండదు.