జవాబు రాని ప్రశ్నను ఏం చెయ్యాలె?

నిర్మల్

బిడ్డా,

నువ్వు పంపిన దరఖాస్తు నకలు రెండుసార్లు చదివిన. చెరువు సంగతి అడిగి నెల దాటినా పలుకు లేదని, అదే కాగితాన్ని అయిదు ఆఫీసులకు పంపి, వచ్చే సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కూడా ఇస్తనని రాసినవు. నీ కోపం న్యాయమైనదే. ఊరి చెరువు గురించి అడిగే పిల్ల మన ఇంట్ల ఉన్నందుకు నాకు సంతోషం. కానీ ఆ అయిదు కాగితాలు పోస్టు చేసే ముందు ఈ ఉత్తరం చదువు. ఏండ్ల తరబడి ఇన్‌వర్డ్ సీట్ల కూసొని, వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి పైకి పంపినోణ్ని. ఏ కాగితం కదులుతదో, ఏది ఫైళ్ల అడుగుకు పోతదో చూసినోణ్ని.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి అమలుల ఉన్నది. ముప్పై రోజులల్ల జవాబు రాకపోతే, సమాచారం ఇయ్యనని చెప్పినట్టే లెక్క అని దాని 7వ సెక్షన్ల ఉంది. అంటే రాని జవాబు మీద కూడా నువ్వు అప్పీలుకు పోవచ్చు. గడువు దాటినంక ఇచ్చే నకళ్లకు పైసలు కూడా తీసుకోవద్దు. ఇంత దారి చట్టమే చూపినప్పుడు, వాట్సాప్ గ్రూపుల జవాబియ్యని అధికారి ఫొటో పెట్టి తిట్టాల్సిన అవసరం మనకు లేదు. ఆ పని అస్సలు చెయ్యకు.

అప్పీలు కన్నా ముందు నీ ప్రశ్ననే నువ్వు ఒకసారి నిదానంగ చూడు. ‘మా చెరువు కట్ట ఎందుకు కారుతున్నది? పైసలు ఎవరు తిన్నరు?’ అని అడిగినవు. ఇది గ్రామసభల అడగాల్సిన ప్రశ్న. సమాచారమంటే ఆ చట్టం దృష్టిల ఆఫీసుల ఉన్న కాగితం, రికార్డు, నమూనా. రికార్డుల లేనిదాన్ని కొత్తగ తయారుచేసి ఇయ్యాల్సిన బాధ్యత అధికారికి లేదని సుప్రీంకోర్టు 2011ల చెప్పింది. ‘ఎందుకు’ అనే ప్రశ్నకు ఏ బీరువాల కూడా కాగితం ఉండదు. అందుకని ఎందుకు అని అడగకు, కాగితాన్ని పేరు పెట్టి అడుగు. చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం కింద మన చెరువుకు వేసిన ఎస్టిమేటు నకలు, కాంట్రాక్టరుతో రాసుకున్న ఒప్పందం, కొలతలు రాసిన ఎం.బి. పుస్తకం పేజీలు, బిల్లు చెల్లించిన తేదీలు, పని పూర్తయిందని ఇచ్చిన సర్టిఫికెట్. ఈ అయిదూ చేతికొస్తే కట్ట ఎందుకు కారుతున్నదో నీకే అర్థమైతది. ఎం.బి.ల రాసిన మట్టి ఎంత, కట్ట మీద పడ్డ మట్టి ఎంత అన్నది ఊరి రైతులే కొలిచి చెప్తరు. పనిని పోయి చూసే హక్కు, నమూనా తీసుకునే హక్కు కూడా అదే చట్టం ఇచ్చింది. చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఇంకొకటి. నువ్వు తహసీల్దారుకు రాసినవు. చెరువు పని చేసింది నీటిపారుదల శాఖ. తమది కాని దరఖాస్తును అయిదు రోజులల్ల సరైన ఆఫీసుకు పంపాలని 6వ సెక్షన్ల ఉంది. పంపలేదంటే తప్పు వాళ్లదే. అయినా సరైన తలుపు వెతుక్కునుడు అడిగేవాళ్ల మర్యాద. మన దగ్గర ఇంకో చిక్కున్నది. మిషన్ కాకతీయ మొదలైంది 2015 మార్చిల. నిర్మల్ జిల్లా అయింది 2016 అక్టోబర్ 11న. పెంబి, దస్తురాబాద్, సోన్ లాంటి మండలాలు పథకం మొదలైనప్పటికి లేనే లేవు. మొదటి విడత పనుల కాగితాల మీద జిల్లా పేరు ఆదిలాబాద్ అనే ఉంటది. కాబట్టి చెరువు పేరు, సర్వే నంబరు, పాత మండలం, కొత్త మండలం, పని జరిగిన సంవత్సరం అన్నీ రాయి. వెతికే గుమస్తాకు గంట పని తప్పుతది. ఆ గంట కోసమే ఎన్నో కాగితాలు ఆగిపోతయి.

అయిదు ఆఫీసులకు ఒకే ప్రశ్న పంపుడు ఎందుకు వద్దంటున్ననో కూడా చెప్తా. అవన్నీ తిరిగి తిరిగి ఒక్క సీటు మీదికే వస్తయి. ప్రజావాణిల ఇచ్చింది కూడా ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి అదే ఆఫీసుకు పంపుతరు. ఆ సీట్ల ఉన్న మనిషి ఒక్కడే, ఒక ప్రశ్నకు ఆరు నంబర్లు. నువ్వు ఒక దానికి జవాబు అందుకుంటే మిగతావి తెరిచే ఉంటయి, నీ వెనక పింఛను కోసం నిలబడ్డ ముసలామె కాగితం ఇంకింత ఆలస్యమైతది.

పాత దరఖాస్తు మీద అప్పీలు చేసే హక్కు నీకున్నది. కానీ ‘ఎందుకు’ అన్న ప్రశ్నతో అప్పీలుకు పోతే గెలిచినా చేతికి ఏ కాగితమూ రాదు. కొత్తది రాయి. ఫీజు మండల స్థాయిల 5 రూపాయలు, ఆపైన 10. కారణం చెప్పాల్సిన పని లేదు, అడిగితే 6వ సెక్షన్ చూపించు. చేతికిస్తే ముట్టినట్టు సంతకం, ముద్ర, తేదీ వేయించుకో. ముప్పై రోజులు ఓపికగ ఉండు, మధ్యల ఫోన్లు చెయ్యకు. అప్పటికీ రాకపోతే ఇంకో ముప్పై రోజుల లోపు పై అధికారికి మొదటి అప్పీలు. ఆయన 30 రోజులల్ల, ఎక్కువలో ఎక్కువ 45 రోజులల్ల తేల్చాలె. ఆ తర్వాత 90 రోజుల లోపు హైదరాబాద్‌ల సమాచార కమిషన్‌కు పోవచ్చు. అధికారి తప్పు తేలితే కమిషన్ రోజుకు 250 చొప్పున 25 వేల దాకా జరిమానా వెయ్యొచ్చు.

కమిషన్ దాకా పోతే అన్నీ అయితయని మాత్రం అనుకోకు. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా మన రాష్ట్రంల ఆ కమిషన్‌కు ఒక్క కమిషనర్ కూడా లేడు. అప్పీళ్లు అట్లనే పేరుకపోయినయి. ప్రశ్న అడిగిన వేలమంది పట్ల అది పెద్ద అన్యాయం, నాకు ఇప్పటికీ బాధే. అందుకే మొదటి కాగితమే గట్టిగ, స్పష్టంగ ఉండాలని ఇంత చెప్తున్న.

జవాబు వచ్చినంక చాలామంది మరిచిపోయే పని ఒకటి ఉన్నది. ఇచ్చిన అధికారికి అందినట్టు రెండు ముక్కలు రాయి, నకళ్లు పంచాయతీ బోర్డు మీద పెట్టు, గ్రామసభల చదివి వినిపించు. లేకపోతే రేపు మన ఊర్లనే ఇంకో పిల్లగాడు అదే ప్రశ్న మళ్లీ అడుగుతడు.

ఆ అయిదు కవర్లు చింపెయ్యి. కొత్త దరఖాస్తు ఒక్క పేజీ మించకుండ రాసి నాకు పంపు. నేను చూసి, దిద్ది తిరుగు టపాల పంపుత.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు