ఆది మానవుడు – జన్మగర్వము

మనోహరాబాదు నుండి మెదకు పట్టణమునకు బోవువారికి అచ్చట దూరమునుండియే కానవచ్చునది 1924వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడిన గొప్ప క్రైస్తవ దేవాలయము. ఆ పట్టణపు కోటలో పురాతనమగు మసీదును గలదు. ఈ రెండు చోట్ల ప్రార్థించువారు భిన్నమతస్థులయ్యును, మానవజాతికి మూలపురుషుడు ఆదామనుటలో ఏకాభిప్రాయులు. యూదులును ఈ విషయమున వీరితో జేరుదురు.

ఆదామను పేరు హీబ్రూ భాషలో నేల యను నర్థముగల ‘అదామా’ శబ్దమునకు సంబంధించినది. మన ‘ఆది’ శబ్దముతో దీనికి చుట్టరికము గలుపుట యుక్తముగాదు. అది కేవలము ధ్వనిసామ్యము. పురుషసూక్తమును వినుచు బెరిగిన మనము ఇచ్చట నొక భేదమును గమనింపవలయును. అందును పురుషు డొక్కడే. కాని ముఖము మొదలు పాదములవఱకు ఆయా యవయవములు ఆయా వర్ణములకు స్థానములయ్యెను. ఇందు అందఱకును ఒక్కటే మన్ను. దేవు డొక్కనినే యేల సృజించెనను ప్రశ్నకు మిష్నా యను గ్రంథమున యూదపండితులు చెప్పిన సమాధానములలో నొకటి యిది: నా తండ్రి నీ తండ్రికంటె ఘనుడని యెవ్వడును పలుకకుండుటకై.

ఆదాము చేసిన దోషము పుట్టుకతోనే యెల్లరకును సంక్రమించునను సిద్ధాంతమును క్రైస్తవులలో అగస్టీను (354–430) దృఢపఱచెను. యూదులును ముస్లిములును దాని నంగీకరింపరు. ఖురానులో ఆదాము పశ్చాత్తాపపడి క్షమింపబడినాడు. అయితే ఆ గ్రంథమున మా మనస్సునకు మిక్కిలి నాటినది ఇబ్లీసు వృత్తాంతము. దేవుని యాజ్ఞచే దేవదూతలెల్లరు ఆదామునకు మ్రొక్కగా, తాను నిప్పునుండి పుట్టితిననియు, వాడు మట్టినుండి పుట్టెననియు జెప్పి ఇబ్లీసు మ్రొక్కడాయెను. వాని పతనమునకు మూలము జన్మగర్వమే.

సిద్ధాంత మిట్లుండగా ఆచరణ మెట్లున్నది? మెదకు ప్రాంతపు క్రైస్తవులలో పెక్కండ్రు మాల, మాదిగ కుటుంబములనుండి వచ్చినవారు. మతము మారినను ఆ రెండు కులముల నడిమి యెడము పూర్తిగా తొలగలేదు. ముస్లిములలోను దూదేకులవారిని తక్కువగా జూచువారు గలరు. మన మందులకు నవ్వుటకు వీలులేదు. ఆ యంటు మన యిండ్లనుండి పోయినదే. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి యుత్తర్వు షెడ్యూల్డు కులములవారిగా ప్రధానముగా హిందువులనే యెంచెను. 1956లో సిక్కులును, 1990లో బౌద్ధులును చేర్చబడిరి. క్రైస్తవులును ముస్లిములును చేర్చబడలేదు. తెలుగు ప్రభుత్వములు మాత్రము ఆ కులములనుండి వచ్చిన క్రైస్తవులను వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా నేర్పఱచి, నూటికి 1 వంతు స్థానములు కేటాయించినవి. ఆ వర్గమున వారి సంతతియు చేరియున్నది. మనుమడు పుట్టుకతోనే క్రైస్తవుడైనను, వానిని లెక్కించుట తాత విడిచిన కులమునుబట్టియే.